దవాఖాన: ఖైరాతా, హక్కా?



"హక్కు" అనే మాట మన తెలుగులోకి ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు కదా? అరబీలో హఖ్. ఫార్సీ, ఉర్దూల మీదుగా మన దగ్గరికి వచ్చి, చివర ఒక కొమ్ము తగిలించుకుని అచ్చ తెలుగు మాటలాగా కూర్చుంది. భూమి హక్కు, ఓటు హక్కు, ఆస్తి హక్కు అని ఊళ్ళో ప్రతి ఒక్కరూ అంటారు. కానీ ఇలాజ్ దగ్గరికి వచ్చేసరికి ఆ మాట ఎవరి నోటా సరిగ్గా పలకదు. "ఇలాజ్ నా హఖ్" అని సర్కారు దవాఖాన కౌంటర్ దగ్గర నిలబడి అన్న మనిషిని నేనైతే చూడలేదు. "దయచేసి చూడండి సార్" అనేవాళ్ళనే చూశాను.

మాటల్లోనే ఈ గొడవ దాగి ఉంది. తెలంగాణలో హిందువైనా ముస్లిమైనా దవాఖాన అంటారు. దవా దొరికే ఖానా, అంతే. ఎవరు ఇస్తున్నారు, ఎందుకు ఇస్తున్నారు అన్నది ఆ మాటలో లేదు. గుంటూరు, కృష్ణా వైపు పాత తరం వాళ్ళు మాత్రం "ధర్మాసుపత్రి" అంటారు. అక్కడి మా రిష్తేదార్లలో పెద్దవాళ్ళు ఇప్పటికీ అలాగే అంటారు. ఆ ధర్మం, "ధర్మం చెయ్యండి బాబూ" అన్నప్పటి ధర్మమే. అంటే ఖైరాత్. ఇచ్చేవాడి చెయ్యి పైన, తీసుకునేవాడి చెయ్యి కింద. ఒక మాటలో ఇంత తవారీఖ్ ఉంది. ఇలాజ్ అనేది ఖైరాత్ నుంచి హఖ్ దాకా ఎంత దూరం వచ్చింది, ఎక్కడ ఆగిపోయింది అన్నదే ఈ రోజు ముచ్చట.

హైదరాబాద్ పాతబస్తీలో దారుష్షిఫా అనే మొహల్లా ఉంది. పురానీ హవేలీకి దగ్గర. బస్సులో రోజూ అటు పోయేవాళ్ళకు కూడా అది ఒక స్టాప్ పేరు మాత్రమే. ఆ పేరుకు అర్థం షిఫా ఇల్లు, అంటే స్వస్థత దొరికే చోటు. చార్మినార్ లేచింది 1591లో. నాలుగేళ్ళ తర్వాత, 1595లో ముహమ్మద్ కులీ కుతుబ్ షా ఈ దారుష్షిఫా కట్టించాడు. మధ్యలో విశాలమైన సహన్, చుట్టూ రెండంతస్తుల్లో మరీజుల గదులు. యునానీ హకీములు అక్కడే ఇలాజ్ చేసేవాళ్ళు, అక్కడే షాగిర్దులకు తిబ్ చెప్పేవాళ్ళు. కొత్త షహర్ ప్లాన్ చేస్తున్న బాద్షా మసీదు, బజారు, హమామ్‌లతో పాటు దవాఖాన కూడా షహర్‌కు ఉండాల్సిన వస్తువే అనుకున్నాడు. నాకు ఈ ఆలోచనే ముఖ్యంగా కనిపిస్తుంది. బాద్షాకు కరుణ కలగడం వేరు, షహర్ నక్షాలో దవాఖానకు జాగా ఉండటం వేరు.

ఆ ఆలోచన గోల్కొండలో పుట్టలేదు. దాని వెనక వందల ఏళ్ళ రివాజు ఉంది. ఫార్సీలో బీమారిస్తాన్ అంటారు, బీమార్లు ఉండే చోటు అని. దమిష్క్‌లో నూరుద్దీన్ జంగీ 1154లో కట్టించిన బీమారిస్తాన్ భవనం ఇప్పటికీ నిలబడి ఉంది, మ్యూజియంగా. ఖాహిరాలో సుల్తాన్ ఖలావూన్ 1284లో కట్టించిన మన్సూరీ బీమారిస్తాన్ ఇంకా పెద్దది. దాని వెనక ఒక ఖిస్సా చెబుతారు. ఖలావూన్ ఇంకా సుల్తాన్ కాక ముందు, ఫౌజీ అమీర్‌గా ఉన్నప్పుడు, షామ్ దేశంలో కడుపునొప్పితో పడిపోతే నూరుద్దీన్ బీమారిస్తాన్ దవాలతోనే తేరుకున్నాడట. తఖ్త్ మీద కూర్చుంటే ఇలాంటిదే కట్టిస్తానని మన్నత్ మొక్కాడట. ఖిస్సాలో ఎంత నిజమో గానీ, భవనం నిజం, దాని వక్ఫ్‌నామా నిజం. మర్దులకు వేరే, ఔరతులకు వేరే వార్డులు. జ్వరాలకు ఒకటి, కళ్ళకు ఒకటి, జర్రాహీకి ఒకటి. అమీరు, గరీబు తేడా లేదు, ఊరివాడు, ముసాఫిర్ తేడా లేదు. తగ్గేదాకా ఉండవచ్చు, ఇన్ని రోజులకు లేచిపోవాలనే హద్దు లేదు. ఆ ఆవరణలో ఇప్పటికీ కంటి ఆస్పత్రి నడుస్తోందంటే చూడండి.

ఇక్కడ వక్ఫ్ అనే ఇంతజామ్ గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. వక్ఫ్ మాట వినగానే మనకు కబ్రస్తాన్ గొడవలు, బోర్డు రాజకీయాలు, కోర్టు కేసులు గుర్తొస్తాయి. అసలు సంగతి వేరు. ఒక మనిషి తన దుకాణాలు, హమామ్‌లు, భూములు ఒక పనికి అంకితం చేసేస్తాడు. ఇక అవి అమ్మడానికి లేదు, దానం ఇవ్వడానికి లేదు, వారసులకు రావు. వాటి ఆమ్దనీ ఏ పనికి రాశాడో ఆ పనికే పోవాలి. ముతవల్లీ చూసుకుంటాడు, ముతవల్లీని ఖాజీ చూసుకుంటాడు. దీనివల్ల ఏమైంది? హకీమ్ తన్ఖా, మరీజు రొట్టె, దవాలకు కావలసిన సరుకు, రాత్రి దీపంలో నూనె, ఇవన్నీ బాద్షా ఆ రోజు మూడ్ ఎలా ఉంది అన్నదాని మీద ఆధారపడలేదు. కట్టించినవాడు చచ్చిపోయినా దవాఖాన నడిచింది. ఇవాళ ఖైరాత్ ఇచ్చినవాడు రేపు ఇవ్వకపోవచ్చు. వక్ఫ్ రాసినవాడు మాత్రం వెనక్కి తీసుకోలేడు. కాబట్టి నా లెక్కలో వక్ఫ్ దవాఖాన ఖైరాత్ కాదు. అలాగని పూర్తిగా హఖ్ కూడా కాదు. రెండింటికీ మధ్య ఉంది.

పూర్తి హఖ్ ఎందుకు కాదంటే, వక్ఫ్ ఉన్న షహర్‌లో ఉన్నవాడికే ఇలాజ్. దమిష్క్ మరీజుకు ఉంది, దమిష్క్‌కు వారం దూరంలో ఉన్న రైతుకు లేదు. ఆమ్దనీ పడిపోతే, ముతవల్లీ ఖాయన్ అయితే, హుకూమత్ మారితే, దవాఖాన మెల్లగా మూతపడుతుంది. మన దారుష్షిఫాకు జరిగింది అదే. 1687లో ఔరంగజేబ్ ఫౌజు గోల్కొండను తీసుకుంది. కుతుబ్ షాహీ ఖాందాన్‌తో పాటు వాళ్ళ ఇంతజామ్‌లూ పోయాయి. దవాఖాన దవాఖానగా మిగల్లేదు. ఇవాళ ఆ చోట సర్తౌఖ్ అలావా ఉంది, ముహర్రంలో జనం కిటకిటలాడతారు. మొహల్లాకు పేరు మాత్రం మిగిలింది. ఆ రోజు ఇలాజ్ ఆగిపోయిన మరీజులు ఎవరి దగ్గరికి వెళ్ళి ఇది మా హఖ్ అనగలరు? అలా అనడానికి దర్వాజానే లేదు.

ఆసఫ్ జాహీ జమానాకు వద్దాం. 1846లో నాల్గవ నిజాం నాసిరుద్దౌలా హయాంలో హైదరాబాద్ మెడికల్ స్కూల్ మొదలైంది. రెసిడెన్సీ సర్జన్ డాక్టర్ మెక్లీన్ ఇలాజ్ మీద నిజాంకు నమ్మకం కుదిరింది, స్కూల్ వచ్చింది. మన ఇళ్ళలో పిల్లలకు ఒక సంగతి తప్పక చెప్పండి: అంగ్రేజీ వైద్యం అక్కడ ఉర్దూలో చెప్పారు. శరీరంలో ప్రతి ఎముకకు, ప్రతి నరానికి ఉర్దూలో మాట ఉండేది. సొంత జబాన్‌లో పెద్ద చదువు కుదరదని ఎవరైనా అంటే ఈ మాట గుర్తుచేయండి. తర్వాత ఎడ్వర్డ్ లారీ వచ్చాక అంగ్రేజీలోకి మారింది. 1918లో పుట్టిన ఉస్మానియా యూనివర్సిటీ కింద మళ్ళీ ఉర్దూలోకి వచ్చింది. ఈ లారీ హయాంలోనే, 1888, 1889ల్లో క్లోరోఫామ్ మీద దునియా చూసిన రెండు కమిషన్లు హైదరాబాద్‌లో కూర్చున్నాయి. ఆ ఖర్చు నిజాం ఖజానా భరించింది. అక్కడే చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ మత్తు ఇచ్చే పనిలో దునియాలోనే మొదటి ఔరతుల్లో ఒకరని చెబుతారు.

మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్ దవాఖాన ఉండేది. 1908 సెప్టెంబర్ 28న మూసీ తుఫాను దాన్ని తీసుకుపోయింది. ఆ వరదలో చనిపోయినవాళ్ళు 15,000 అని లెక్క చెబుతారు. దవాఖాన ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇంకా ఉంది, మన పెద్దవాళ్ళు పిల్లల్ని తీసుకుపోయి చూపించేవాళ్ళు. ఆ వరద తర్వాత హుకూమత్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. వరద ఆగడమే కాదు, షహర్‌కు సాఫ్ పానీ వచ్చింది. కలరా నుంచి జనాన్ని కాపాడింది ఏ డాక్టరు చేసిన ఇలాజ్ కన్నా ఆ నీళ్ళే ఎక్కువ అని నా అభిప్రాయం. ఇలాజ్ హఖ్ గురించి మాట్లాడేటప్పుడు మనం దవాఖాన బిల్డింగ్ దగ్గరే ఆగిపోతాం. నల్లా నీళ్ళు, మోరీ, మచ్చర్లు ఆ లెక్కలోకి రావు.

పోయిన దవాఖాన చోట ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కట్టించిందే ఉస్మానియా జనరల్ హాస్పిటల్. విన్సెంట్ ఎస్చ్ నక్షా గీశాడు, ఎదుటి ఒడ్డున ఉన్న హైకోర్టు కూడా ఆయనదే. చార్మినార్ పక్కన నిజామియా జనరల్ హాస్పిటల్ కూడా ఆ జమానాదే. మన నోట అది యునానీ దవాఖాన. దవా ఉచితం, పడక ఉచితం. నిలోఫర్ ఖిస్సా అందరికీ తెలిసిందే. షెహజాదీ నిలోఫర్ దగ్గర పనిచేసే రఫత్ ప్రసవంలో ఇలాజ్ అందక చనిపోయింది. ఆ దుఃఖంలోంచి ఔరతులకు, బచ్చాలకు దవాఖాన పుట్టింది. 1953లో తెరిచారు. ఇవాళ కూడా రెండు రాష్ట్రాల తల్లులు బిడ్డను చంకన వేసుకుని రెడ్ హిల్స్‌కు పరిగెత్తుతూనే ఉన్నారు.

ఇవన్నీ చెప్పి నిజాం జమానా బంగారం అని కొందరు మనవాళ్ళు రాస్తారు. నేను అంతవరకు పోలేను. ఆ దవాఖానలు గొప్పవి, నిజం. కానీ అవి షహర్‌వి. రియాసత్‌లో మూడో వంతుకు పైగా జమీన్ జాగీర్లు, సర్ఫేఖాస్ కింద ఉండేది. అక్కడి గరీబు కిసాన్‌కు, అతను మన బిరాదరీ అయినా, మాదిగ సోదరుడైనా, పాము కరిస్తే మంత్రగాడే దిక్కు. ఇంకో మాట. రఫత్ చనిపోయింది కాబట్టి దవాఖాన వచ్చింది. అలాంటి రఫత్‌లు పల్లెల్లో ఎంతమంది పోయి ఉంటారు! వాళ్ళ పక్కన షెహజాదీ లేదు. మేహర్బానీకి ఉన్న హద్దు ఇదే. అది తనకు కనిపించిన దుఃఖానికే కదులుతుంది.

కోస్తా వైపు కథ ఇంకొకటి. అక్కడ అంగ్రేజ్ సర్కారు కట్టినవి కొన్ని, విశాఖ కింగ్ జార్జ్ లాంటివి. పల్లె ఔరతుల దాకా వెళ్ళింది మాత్రం ఎక్కువగా క్రైస్తవ మిషన్ డాక్టరమ్మలు. 1883లో గుంటూరుకు వచ్చిన అన్నా కూగ్లర్ పేరు అక్కడ పాత ఖాందాన్లలో ఇప్పటికీ వినిపిస్తుంది. మర్దు డాక్టర్ ముందు నాడి చూపించుకోవడానికి కూడా ఒప్పుకోని ఇళ్ళున్న రోజుల్లో లేడీ డాక్టర్ ఉండటమంటే చిన్న విషయం కాదు. అది కూడా ఖైరాతే, ఇంకో మజహబ్ వాళ్ళ ఖైరాత్. షుక్రియా చెప్పుకోవలసిందే.

1946లో, ఆజాదీకి ఏడాది ముందు, భోర్ కమిటీ రిపోర్ట్ వచ్చింది. పైసా ఇవ్వలేడన్న కారణంతో ఏ మనిషికీ ఇలాజ్ ఆగకూడదు అన్నది ఆ రిపోర్ట్ పునాది. అంత సాఫ్‌గా అంతకు ముందు ఈ దేశంలో ఏ సర్కారీ కాగితం చెప్పలేదు. రాజ్యాంగం రాసినప్పుడు ఆ ఆలోచన లోపలికి వచ్చింది, కానీ వెనక దర్వాజా నుంచి వచ్చింది. 47వ అధికరణ జనం ఆరోగ్యం మెరుగుపరచడం హుకూమత్ ఫర్జ్ అంటుంది. 41వ అధికరణ బీమారీలో, బుఢాపాలో సాయం గురించి చెబుతుంది. రెండూ ఆదేశిక సూత్రాలు. వాటిని కోర్టులో అడిగి తీసుకోలేరని 37వ అధికరణ ముందే చెప్పేసింది. హుకూమత్‌కు ఫర్జ్ ఉంది, మనిషికి హఖ్ లేదు. విచిత్రమైన హాలత్ కదా. అప్పు ఉందని ఒప్పుకుంటాడు, కానీ అడగొద్దంటాడు.

ఈ హాలత్‌ను కదిలించినవాడు ఒక ఖేత్ మజ్దూర్. పేరు హకీం షేక్. తబీబ్ అనే అర్థమున్న పేరు పెట్టుకున్న మనిషి, ఒక్క తబీబ్ కోసం రాత్రంతా తిరిగాడు. 1992 జులై 8, రాత్రి ఎనిమిదికి కొంచెం ముందు, పశ్చిమ బెంగాల్‌లో మథురాపూర్ స్టేషన్ దగ్గర రైలు నుంచి పడ్డాడు. తలకు పెద్ద దెబ్బ. ముందు మథురాపూర్ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. అక్కడ సౌకర్యం లేదు, పెద్ద దవాఖానకు పొమ్మన్నారు. కలకత్తాలో నీల్ రతన్ సర్కార్ ఆస్పత్రి చేరేసరికి అర్ధరాత్రి కావస్తోంది. ఎక్స్‌రే తీశారు, వెంటనే చేర్చుకోవాలన్నారు, పడక లేదన్నారు. కలకత్తా మెడికల్ కాలేజీకి పోతే పడక లేదు. శంభునాథ్ పండిట్ ఆస్పత్రిలో ఈ కేసుకు ఇక్కడ డిపార్ట్‌మెంట్ లేదు. నేషనల్ మెడికల్ కాలేజీ, పడక లేదు. తెల్లారింది. బంగుర్ ఇన్‌స్టిట్యూట్‌లో స్కాన్ తీస్తే తలలో రక్తస్రావం అయిందని తేలింది. చేర్చుకోవడానికి అక్కడా పడక లేదు. ఇంకో పెద్ద సర్కారీ ఆస్పత్రి కూడా తిప్పి పంపింది. చివరికి ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చారు. రెండు వారాలు. ఖర్చు సుమారు 17,000 రూపాయలు. 1992లో ఒక వ్యవసాయ కూలీకి 17,000 అంటే ఎన్ని సీజన్ల కూలీయో మీరే లెక్క వేసుకోండి.

ఒక్క డాక్టరూ అతన్ని తిట్టి పంపలేదు. అందరూ చూశారు, అందరూ చీటీ రాశారు, అందరూ పంపేశారు. జులం ఇలా కూడా ఉంటుంది, మర్యాదగా.

అతని సంఘం, పశ్చిమ్ బంగ ఖేత్ మజ్దూర్ సమితి, సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1996 మే 6న జస్టిస్ ఎస్.సి. అగ్రవాల్, జస్టిస్ జి.టి. నానావతి ఫైసలా ఇచ్చారు. సర్కారు ఆస్పత్రిలో సమయానికి ఇలాజ్ అందకపోతే అది 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కును తొక్కినట్టే అన్నారు. పైసల్లేవు అన్న ఉజ్ర్ ఈ ఫర్జ్ ముందు చెల్లదు అన్నారు. హకీం షేక్‌కు 25,000 రూపాయల ముఆవజా ఇవ్వమన్నారు. ఇంకా, ఆరోగ్య కేంద్రాల్లో ప్రథమ చికిత్సకు కావలసినవన్నీ ఉండాలి, జిల్లా ఆస్పత్రులు పెరగాలి, ఎక్కడ ఏ పడక ఖాళీగా ఉందో వెంటనే తెలిసేలా ఒక కమ్యూనికేషన్ ఇంతజామ్ ఉండాలి, అంబులెన్సులో సామాను, సిబ్బంది ఉండాలి అని కూడా చెప్పారు.

ఆ పడకల మాట చదివినప్పుడల్లా నాకు 2021 ఏప్రిల్, మే నెలలు గుర్తొస్తాయి. ఫైసలా వచ్చి 25 ఏళ్ళు అయ్యాక కూడా మనం వాట్సాప్ గ్రూపుల్లో "ఆక్సిజన్ బెడ్ ఎక్కడైనా ఉందా భాయ్" అని అడుగుతూ రాత్రుళ్ళు గడిపాం. ఆ గ్రూపుల్లో మనిషి పోయాక కూడా బెడ్ కోసం మెసేజ్ ఫార్వర్డ్ అవుతూనే ఉండేది.

కాబట్టి కోర్టు ఒప్పుకుంది, హఖ్ ఉంది. అయితే అది ఎమర్జెన్సీ హఖ్. రైలు నుంచి పడ్డవాడికి ఉంది. ఇరవై ఏళ్ళుగా షుగర్ ఉన్న ఖాలాకు నెలనెలా గోలీలు, ఇన్సులిన్ దొరకాలన్న దాని మీద ఆ కేసు ఏమీ చెప్పలేదు. అది ఆ కేసు ముందున్న సవాలు కాదు మరి.

మన దగ్గర ఆ ఖాళీని నింపడానికి వచ్చింది ఆరోగ్యశ్రీ. 2005లో 108 అంబులెన్సు, 2007లో ఆరోగ్యశ్రీ. మొదట మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో, తర్వాత ఉమ్మడి రాష్ట్రమంతా. తెల్ల రేషన్ కార్డు ఉంటే గుండె ఆపరేషన్, క్యాన్సర్ ఇలాజ్ ప్రైవేటు ఆస్పత్రిలో, బిల్లు సర్కారు కడుతుంది. దీన్ని చిన్నచూపు చూసేవాళ్ళతో నాకు పడదు. గరీబు మనిషి ఏసీ కారిడార్‌లో కుర్చీలో కూర్చుని తన పేరు పిలిచేదాకా ఆగడం, ఆ ఇజ్జత్ చిన్నది కాదు. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి హద్దు పది లక్షలు. కానీ చూడండి, అందులో కూడా లిస్టు ఉంది. లిస్టులో ఉన్న ఆపరేషన్ అయితే ఉంది, రోజూ మింగే గోలీకి లేదు. గుండె ఆగిపోయే దాకా బీపీ దవాకు సొంత జేబు, ఆగిపోయాక లక్షలు సర్కారువి. ఉల్టా లెక్క ఇది. పైగా బకాయిలు రాలేదని ప్రైవేటు ఆస్పత్రులు సేవలు ఆపేస్తే, ఆ రోజు కార్డు పట్టుకుని వచ్చిన మరీజు మళ్ళీ హకీం షేకే.

దేశం మొత్తం లెక్క కూడా ఒకసారి చూద్దాం. సర్కారీ గణాంకాల ప్రకారం 2013-14లో మన ఇలాజ్ ఖర్చులో 64 శాతం జనం సొంత జేబు నుంచి పోయేది. 2021-22కు అది 39 శాతానికి దిగింది. దిగడం మంచిదే. అయినా ప్రతి వంద రూపాయల్లో నలభై ఇంకా ఇంట్లోంచే పోతున్నాయి. అమ్మీ గాజులు, అబ్బా ఆటో, చెల్లి నిఖా కోసం దాచినవి. 2017 జాతీయ ఆరోగ్య విధానం 2025 నాటికి సర్కారు ఖర్చు జీడీపీలో 2.5 శాతం చేస్తామంది. 2021-22లో అది 1.84 శాతం.

దీనికి ఇద్దరు జవాబు చెబుతారు. ఒకరు అంటారు: హఖ్ అని రాసేస్తే పైసలు ఎక్కడివి? ఖజానా ఖాళీ అయితే హఖ్ కాగితం మీదే ఉంటుంది. ఇది తేలిగ్గా తీసేసే మాట కాదు. కానీ బ్రిటన్ తన జాతీయ ఆరోగ్య సేవను 1948 జులై 5న మొదలుపెట్టిన రోజుకు, జంగ్‌లో చితికిపోయి రొట్టె కూడా రేషన్‌లో ఇస్తోంది. థాయ్‌లాండ్ 2001లో ఒక్కసారి చూపించుకుంటే 30 బాత్ మాత్రమే అని తెచ్చినప్పుడు అదేమీ అమీర్ ముల్క్ కాదు. ముందు ఫైసలా చేసుకున్నారు, తర్వాత పైసలు వెతుక్కున్నారు. మనం పైసలు వచ్చాక ఫైసలా చేద్దామని 1946 నుంచి కూర్చున్నాం.

రెండోవారు డాక్టర్లు. 2023 మార్చిలో రాజస్థాన్ అసెంబ్లీ ఆరోగ్య హక్కు చట్టం చేసింది, దేశంలో మొదటిది. ఎమర్జెన్సీలో ముందుగా పైసలు అడగకుండా ఇలాజ్ చేయాలంది. ప్రైవేటు డాక్టర్లు వారాలపాటు సమ్మె చేశారు. వాళ్ళ సవాలు: మీ హఖ్‌కు మా మెహనత్ ఎందుకు ఉచితంగా పోవాలి? చాలామంది వాళ్ళని లాలచీలన్నారు. నేను అనను. హఖ్ మరీజుది అయితే ఫర్జ్ హుకూమత్‌ది, పక్కవీధి డాక్టర్‌ది కాదు. అతని బిల్లు సమయానికి కట్టకుండా, చట్టం చేశాం అని హుకూమత్ చప్పట్లు కొట్టించుకుంటే అది ఇంకొకరి జేబుతో చేసిన ఖైరాతే. చట్టం కావాలి, దాని వెనక బడ్జెట్ కూడా కావాలి. వక్ఫ్ రాసిన పాతవాళ్ళకు ఈ సంగతి తెలుసు. దవాఖాన కట్టే ముందు దుకాణాల ఆమ్దనీ రాసేవాళ్ళు.

ఇక మన ఇంటి మాట. జుమా తర్వాత మసీదులో ఏలాన్ వింటూనే ఉంటాం. ఫలానా భాయ్ కొడుకుకు కిడ్నీ, ఫలానా ఆపాకు ఆపరేషన్, ఇమ్దాద్ చేయండి అని. రంజాన్‌లో జకాత్ పైసలు సగం దవాఖాన బిల్లులకే పోయే ఇళ్ళు నాకు తెలుసు. ఇవ్వాలి, తప్పదు, మనిషి ప్రాణం ఆగదు. అయితే జకాత్‌ను మన ఉలమా ఖైరాత్ అనరు, గరీబు హఖ్ అంటారు. అందులో రెండు రకాల మనుషులకు వాటా చెబుతారు: అడిగే సాయిల్‌కు, అడగలేని మహ్రూమ్‌కు. సాయిల్ మసీదు దాకా వస్తాడు. మహ్రూమ్ రాడు. ఇంట్లో కూర్చుని డయాలసిస్ వారానికి మూడుసార్లు కాదు, రెండు చాలులే అని తనకు తానే తగ్గించుకుంటాడు. మసీదు ఏలాన్ అతని దాకా చేరదు. అతని దాకా చేరగలిగింది హుకూమత్ ఒక్కటే, ఎందుకంటే ఓటరు లిస్టులో, రేషన్ లిస్టులో అతని పేరు ముందే ఉంది. మన ఇమ్దాద్ కమిటీలు బిల్లులు కట్టడంతో పాటు, మన బస్తీ దవాఖానలో ఈ నెల ఇన్సులిన్ ఉందా, షుగర్ గోలీలు ఎన్ని రోజులవి ఇచ్చారు అని వెళ్ళి అడిగే పని కూడా పెట్టుకుంటే బాగుంటుందని నా మష్వరా. సమాచార హక్కు దరఖాస్తు ఫీజు పది రూపాయలు.

2020 జులై వానలకు ఉస్మానియా పాత భవనం వార్డుల్లోకి నీళ్ళు వచ్చాయి. మరీజులను మంచాలతో సహా తరలించి ఆ భవనం మూసేశారు. కొత్తది గోషామహల్‌లో కడుతున్నారు, 2025 జనవరి 31న పునాది రాయి పడింది, రెండు వేల పడకలు అంటున్నారు. అప్పటిదాకా ఎక్కడ ఏ పడక లేదన్నా ఒక పని చేయండి. లేదన్న మాటను తారీఖు, టైముతో చీటీ మీద రాసివ్వమని అడగండి. ఎన్ని గంటలకు ఏ ఆస్పత్రికి పోయాడు, అక్కడ ఏమన్నారు అన్నది కాగితాల మీద ఉండబట్టే హకీం షేక్ మాట సుప్రీంకోర్టులో నిలబడింది.